మేక తాడు పట్టుకున్నవాడు

"మీరే చంపారు. బాబాని కరెంటు పెట్టి చంపారు. జోజప్పని జైల్లో పెట్టి చంపుతున్నారు. రెండో చావు ఇంకా పూర్తి కాలేదు, అంతే తేడా. మీరూ, మీరు చెప్పింది చెప్పినట్టు రాసుకున్న ఆ ఇన్‌స్పెక్టరూ, మేక అనే మాట వినగానే పకపకా నవ్విన ఆ కోర్టు హాలూ, అందరూ కలిసి చేశారీ పని."

యాస్మిన్ ఈ మాట చాటుగా అనలేదు. జగన్నాథరావు ఇంటి వసారాలో, ఆయన వేయించిన కుర్చీలోనే కూర్చుని, ఆయన మొహం మీదే అంది. గోడ గడియారంలో అప్పుడు పదీ ఇరవై. శనివారం. సోమవారం పొద్దున జోజప్ప అప్పీలు పై కోర్టులో విచారణకొస్తోంది. పన్నెండేళ్లకి! అప్పీలు వేసిన ఉచిత వకీలు కాగితాలు అటకెక్కించి, తర్వాత తనూ పైకెళ్లిపోయాడు. కొత్త సాక్ష్యం ఉంటే సోమవారమే పెట్టాలి. లేకపోతే యావజ్జీవం యావజ్జీవమే. జోజప్పకి అరవై నాలుగేళ్లు. ఒక కిడ్నీ పోయింది. ఇంకో వాయిదా దాకా మనిషి ఉండడు.

జోజప్ప కూతురు గ్లోరి యాస్మిన్ వెనకే నిలబడి ఉంది. విస్సన్నపేటలో బట్టలు కుట్టుకుని బతుకుతుంది. కూర్చోమంటే కూర్చోలేదు. తండ్రిని పట్టుకెళ్లిన రోజున ఆ పిల్లకి పదిహేనేళ్లు.

యాస్మిన్ పెద్ద చదువులు చదవలేదు. తిరువూరులో ఒక వకీలు దగ్గర పద్నాలుగేళ్లు టైపు కొట్టింది. ఎవడు ఎక్కడ అబద్ధమాడాడో కాగితాలు కొట్టీ కొట్టీ తెలుసుకుంది. ఆ తెలివితోనే ఇప్పుడు సొంతంగా విచారణలు చేస్తుంది.

జగన్నాథరావుకి కోపం రాలేదు. అది ఆమెకి అప్పుడే వింతగా అనిపించాల్సింది.

"టీ తాగమ్మా," అన్నాడాయన. "తిట్టడానికైనా గొంతు తడవాలి కదా."

జేబులోంచి చిన్న ప్లాస్టిక్ డబ్బా తీసి, మీట నొక్కి, తన గ్లాసులో చక్కెర బదులు తెల్లటి బిళ్ల ఒకటి రాల్చుకున్నాడు. మూల కుర్చీలో ఇంకొకతను ఉన్నాడు. ముప్పై అయిదేళ్లుంటాయి, చొక్కా మడత నలగలేదు, ఒళ్లో నోటు పుస్తకం.

"ఈయన అభిలాష్‌గారు. విజయవాడ నుంచి పిలిపించా. డిటెక్టివే. కాకపోతే అసలు డిటెక్టివ్."

"నమస్తే, టైపిస్టు మేడమ్," అన్నాడు అభిలాష్.

"నమస్తే, ఇస్త్రీ బాబూ," అంది యాస్మిన్. మళ్లీ రావు వైపు తిరిగింది. "రెండువేల పన్నెండు, ఫిబ్రవరి ఇరవై ఒకటి, మంగళవారం. మీ డబ్బుతో తీసిన 'మామయ్యగారి మేకపోతు' షూటింగు, రెడ్డిగూడెం దగ్గర మీ మామిడితోటలో. ఎన్నింటికి ఆగింది?"

"మధ్యాహ్నం రెండింటికి. కోర్టులో చెప్పా."

"ఆ రోజు వాన సీను తీశారా?"

"లేదు."

"మేక ఉందా?"

"లేదమ్మా. మేకా లేదు, వానా లేదు. లైట్‌మ్యాన్ బాబా ఒక్కడే వైర్లు చుట్టడానికి ఉండిపోయాడు. ముందురోజు వాడికీ మా మోటారు కాపలా జోజప్పకీ గొడవైంది. నాలుగూ నలభైకి బాబా మోటారు షెడ్డులో వైరు పట్టుకుని ఉంటే, జోజప్ప చూసి చూసి మెయిను వేశాడు. నా కళ్లతో చూశా."

ఒక్క అక్షరం తేడా లేదు. పదమూడేళ్లుగా అప్పజెబుతున్న పాఠం.

యాస్మిన్ టీ గ్లాసు తీసుకుంది. గొంతు మార్చింది. "అది సరే గానీ రావుగారూ, సినిమా మాత్రం మొన్న మళ్లీ చూశానండి. వానలో మామయ్య మేక వెనకాల పరిగెత్తి జారిపడతాడే, అక్కడ నవ్వాగదు. ఒక్క దెబ్బకే వచ్చిందా ఆ షాటు?"

ఆయన మొహం వెలిగింది. సినిమా తీసినవాడికి ఆ జబ్బు చచ్చేదాకా పోదు. "ఎక్కడమ్మా! ఆ పాడు మేక నీళ్లకి బెదిరి రెండుసార్లు తాడు లాగేసుకుంది. మూడోసారికి ఎండ పోతోంది. అప్పుడిక నేనే అరిచి..."

"సార్!" అన్నాడు అభిలాష్.

రావు గ్లాసు కింద పెట్టాడు.

"ఏ రోజండీ అది?" అంది యాస్మిన్ మెత్తగా.

"వేరే రోజు."

"మామయ్య వేషం వేసినాయన మీ తోటకి ఒక్క రోజే వచ్చాడు. ఆ మంగళవారమే. అదీ మీ వాంగ్మూలంలోనే ఉంది, నాలుగో పేజీ, కింద నుంచి మూడో లైను. ఆ కాపీ టైపు కొట్టింది నేనే."

"వసారాలో అన్న మాట సాక్ష్యం కాదు మేడమ్," అన్నాడు అభిలాష్. "మీ దగ్గరున్న డిస్కులోనూ ఏమీ లేదు. నేను చూశా."

అది నిజం. ఆమె దగ్గరున్నది రెండోసారి వేసిన డీవీడీ. ఉత్త సినిమా, నాలుగు పాటలు. ఇంట్లో డబ్బా టీవీలో పట్టేట్టు బొమ్మని రెండు పక్కలా కోసేశారు. మామయ్యకి సగం ముక్కే కనపడుతుంది. మేకకి తోక లేదు. తాడు పట్టుకున్నవాడు అసలే లేడు.

కోర్టులో జోజప్ప చెప్పింది ఒకే ఒక్క మాట. 'నేను మేక తాడు పట్టుకుని ఉన్నానయ్యా. మేక నాదే. షూటింగుకి అద్దెకిచ్చా.' హాలంతా నవ్వింది. ప్లీడరు కూడా నవ్వాడు. తీర్పులో ఆ మాట ఒక్క వాక్యం. 'ముద్దాయి చెప్పిన మేక కథ నమ్మశక్యంగా లేదు.'

"కూర్చోండమ్మా," అన్నాడు రావు. గడియారం వంక చూశాడు. అలా చూడడం అది మూడోసారి. "పన్నెండు దాటాక భోంచేసి వెళ్దురు గాని. తిట్లు మిగిలి ఉంటే అప్పుడు తిట్టొచ్చు."

యాస్మిన్ లేచింది. పదకొండింటికి ఆమె ఇంకో చోట ఉండాలి.

గేటు దగ్గర గ్లోరి ఆగిపోయింది. "అక్కా, ఆయన కారు చూడు."

నాలుగు చక్రాలకీ ఎర్రమట్టి. తడి ఇంకా ఆరలేదు.

"వాన పడి నెలయింది కదక్కా."

"పదవే, టైమవుతోంది," అంది యాస్మిన్. ఆ రోజంతటికీ ఆమె చేసిన తప్పు అదొక్కటే. అదొక్కటీ చాలు.

*

ముందురోజు సాయంత్రం ఆరింటికి హుమాయున్ ఫోన్ చేశాడు. ఒకప్పుడు తిరువూరులో సగం ఊరు ఆయన దగ్గరే సినిమాలు అద్దెకి తెచ్చుకునేది. ఇప్పుడు షాపు తెరిచినా ఎవరూ రారు. అలవాటు కొద్దీ తెరుస్తాడు.

"ఆ సినిమా మొదటి డిస్కు నా దగ్గరుందమ్మా. నాలుగు రోజులే అమ్మారు, తర్వాత రావుగారు ఊరూరా తిరిగి వెనక్కి కొనేశాడు. ఒకటి నేను ఇవ్వలేదు. రేపు పదకొండింటికి రా. నేను కూడా ఒక మాట చెప్పాలి. ఫోన్లో కాదు."

పదకొండూ రెండుకి వాళ్లు షాపు ముందున్నారు. పైన వెలిసిపోయిన బోర్డు. 'సబీహా వీడియోస్. సీడీలు, డీవీడీలు. పెళ్లిళ్లకు సౌండు, జనరేటర్లు అద్దెకు ఇవ్వబడును.' సబీహా ఆయన భార్య. పోయి ఎనిమిదేళ్లయింది.

షట్టరు మోకాలెత్తున లేచి ఉంది.

"చాచా!" అని పిలిచింది యాస్మిన్. జవాబు లేదు. షట్టరు ఎత్తి లోపలికెళ్లింది. "ఏదీ ముట్టుకోకు గ్లోరీ. ముందు చూద్దాం."

గుమ్మం పక్కన హుమాయున్ చెప్పులు జతగా ఉన్నాయి. కౌంటరు మీద ఆయన కళ్లజోడు. సోడాబుడ్డి అద్దాలు. అవి లేకుండా ఆయన తన చెయ్యి తను చూసుకోలేడు. రెండు టీ గ్లాసులు. టీ చల్లారి, పైన మీగడ అట్ట కట్టింది. గంటల కిందటి టీ. ఒక గ్లాసు పక్కన చెక్క మీద చిన్న తెల్లటి బిళ్ల జారిపడి ఉంది.

యాస్మిన్ ఆ బిళ్లని చూసింది. గోరుతో కదిపింది. ఇందాకే వసారాలో చూసిన బిళ్ల.

"రావు పొద్దున్నే వచ్చాడిక్కడికి," అంది.

గ్లోరి గోడకి ఆనుకుంది. "అయితే అయిపోయిందక్కా. డిస్కు పట్టుకుపోయి ఉంటాడు."

అరలో దుమ్ము మీద చదరంగా ఒక ఖాళీ. డీవీడీ పెట్టె అంత ఖాళీ. కొత్తగా తీసిన గుర్తు. అవును, పట్టుకుపోయాడు. ఇలా అయిపోవడం గ్లోరికి అలవాటే. పదమూడేళ్లలో ఎన్నిసార్లు అయిపోలేదు!

యాస్మిన్ మాత్రం ఆ ఖాళీ వైపు చూస్తూ నిలబడింది. పెదవి మీద వంకర నవ్వొకటి వచ్చింది.

"ఈ మారాజు జన్మలో ఎప్పుడూ డిస్కు అద్దెకి తెచ్చుకుని ఉండడు."

"ఏమక్కా?"

"అద్దె షాపుల్లో అరలో ఉండేది ఉత్త పెట్టేనే పిచ్చిదానా. జనం బొమ్మ చూసుకోవడానికి. డిస్కు కౌంటరు వెనక కవర్లో ఉంటుంది. లేకపోతే రోజుకి పది పోతాయి. ఆయన పట్టుకుపోయింది అట్ట."

కవర్ల డబ్బా వెతికింది. లేదు. అప్పుడు టీవీ చూసింది. పాత డబ్బా టీవీ. నీలం తెర వెలుగుతోంది. కింద ప్లేయరు, పచ్చ దీపం. మీట నొక్కితే సొరుగు బయటికొచ్చింది.

అందులో డిస్కు ఉంది. 'మామయ్యగారి మేకపోతు. అదనపు హంగులు: కత్తిరించిన సీన్లు, షూటింగ్ సరదాలు.'

ప్లేయరు నుంచి టీవీకి మూడు పిన్నులు పోతాయి. పసుపు బొమ్మకి, ఎరుపూ తెలుపూ సౌండుకి. తెల్ల పిన్ను ఊడి కిందికి వేలాడుతోంది. దుమ్ములో జారి ఊడిందేమో అనుకుని యాస్మిన్ మళ్లీ గుచ్చింది. సొరుగు లోపలికి తోసింది. ఫోన్ గ్లోరి చేతిలో పెట్టింది. "తెర వైపు పట్టుకో. అంతా రికార్డు చెయ్."

మేక అరుపుతో మెనూ వచ్చింది. కత్తిరించిన సీన్లు. మూడోది. వాన.

బొమ్మ పచ్చిగా ఉంది. రంగులు దిద్దలేదు. పక్కలు కొయ్యలేదు. వెడల్పు మొత్తం ఉంది. కింద మూల తెల్ల అంకెలు పరిగెడుతున్నాయి. 16:38:20, 21, 22. ఎడిటింగ్ గదిలో పనికోసం పెట్టుకునే అంకెలవి. డిస్కు తొందరగా తేవాలని ఎవడో కుర్రాడు పని కాపీనే ఎత్తి అదనపు హంగుల్లో పడేశాడు. నలుగురికి జీతాలివ్వకుండా ఒకడితో చాకిరీ చేయిస్తే ఇలాగే ఉంటుంది. దొంగల పిసినారితనమే అప్పుడప్పుడు పేదవాడికి సాక్ష్యం.

మోతగా డప్పులు, సన్నాయి. హాస్యం మ్యూజిక్కు. మామయ్య పరిగెడుతున్నాడు. మేక కాళ్లు తన్నుతోంది. మేక మెడ నుంచి తాడు. తాడు వెంట చూపు ఎడమ అంచుకి పోయింది. అక్కడ లుంగీ ఎగ్గట్టి, వానలో తడుస్తూ, రెండు చేతులా తాడు బిగించి పట్టుకుని, నవ్వుతున్న మనిషి.

"నాన్న," అంది గ్లోరి. "జుట్టంతా నల్లగా ఉందక్కా."

ఫోన్ మాత్రం దించలేదు.

*

"అద్భుతం," అంది వెనక నుంచి ఒక గొంతు. అభిలాష్ షట్టరు కింద వంగి లోపలికొచ్చాడు. పదకొండూ పద్నాలుగు. "ఆ డిస్కు ఇలా ఇవ్వండి మేడమ్. అది నా క్లయింటు కంపెనీ ఆస్తి."

"పెట్టె మీ క్లయింటు దగ్గరుంది. ఇంటికెళ్లి చూసుకోమను."

అతనికి అర్థం కాలేదు. తెర వైపు చూశాడు. యాస్మిన్ బొమ్మని ఆపింది. 16:39:02.

"కనపడుతోందా? సాయంత్రం నాలుగూ ముప్పై తొమ్మిది. రెండింటికే ఆగిపోయిన షూటింగు!"

"ఆ అంకెలు గడియారం కాదు. కెమెరాలో ఎవరిష్టం వచ్చిన అంకె వాళ్లు పెట్టుకోవచ్చు. జడ్జిగారు రెండు నిమిషాల్లో తీసి అవతల పడేస్తారు."

"సరే. నీడ చూడు. మేకకి రెండింతల పొడుగు. మధ్యాహ్నం ఒంటిగంటకి నీడలు అంత పొడుగొస్తాయా మీ విజయవాడలో?"

"పొద్దున్న ఎనిమిదికీ వస్తాయి."

గట్టివాడే. యాస్మిన్ మనసులో ఒప్పుకుంది. పళ్లు కొరుక్కుంది.

"ఇంకొకటి చెబుతా వినండి," అన్నాడు అభిలాష్. ఈసారి వెటకారం లేదు. అది ఇంకా భయంగా ఉంది. "మొహం జోజప్పదే అనుకుందాం. టైమూ అదే అనుకుందాం. ఈ డిస్కు ఎవరి దగ్గర, ఎప్పటి నుంచి ఉందో ఆ మనిషి కోర్టుకొచ్చి చెప్పాలి, సర్టిఫికెట్ మీద సంతకం పెట్టాలి. లేకపోతే ఇది ప్లాస్టిక్ పళ్లెం. మీ ఫోన్లో తీసింది పళ్లేనికి ఫొటో. హుమాయున్ ఏడి?"

గ్లోరి కళ్లు మూసుకుంది. పదమూడేళ్లు వెతికిన మనిషి తెర మీద ఉన్నాడు. నవ్వుతున్నాడు. అయినా ఉన్నట్టు కాదు. ఇదీ మన న్యాయం. కళ్ల ముందున్నవాణ్ని లేడంటుంది. లేని చెయ్యిని స్విచ్ మీద చూశానంటే నమ్ముతుంది.

యాస్మిన్ చూపు టీవీ వెనక్కి పోయింది. పిన్నులు.

"దుమ్ములో ఊడలేదు," అంది తనలో తనే.

"ఏంటి?"

"తెల్ల పిన్ను. చాచా నలభై ఏళ్లు వైర్లతో బతికాడు. ఆయన షాపులో పిన్ను దానంతట అది ఊడదు. కావాలని పీకాడు." మొహం వెలిగింది. "మన సినిమాల్లో మాటలన్నీ తర్వాత స్టూడియోలో చెప్పిస్తారు కదా? కత్తిరించిన సీనుకి ఎవడు చెప్పిస్తాడు? ఎవడూ చెప్పించడు. అంటే తోటలో కెమెరాకున్న మైకులో పడ్డ అసలు చప్పుడే ఇందులో ఉండాలి. ఒక పక్క మ్యూజిక్కు, ఒక పక్క మైకు. రెండూ కలిస్తే డప్పులే వినిపిస్తాయి."

తెల్ల పిన్ను పీకి, ఆపిన బొమ్మని మళ్లీ నడిపించింది.

ఈసారి డప్పులు లేవు. పైపుల్లోంచి నీళ్లు పడే చప్పుడు. మేక అరుపు. దూరంగా, పలచగా, ఒక పిలుపు గాలిలో తేలి వచ్చింది. యాస్మిన్ చేతులు ఆగిపోయాయి.

"అజాన్," అంది. "ఎనిమిదింటికి అజాన్ ఉండదు, ఇస్త్రీ బాబూ. పొద్దు పొడవకముందు ఒకటి, మళ్లీ మధ్యాహ్నం ఒంటిగంటకే. ఒంటిగంటకి ఈ నీడ లేదు. ఇది సాయంత్రం అసర్ నమాజు పిలుపు. ఫిబ్రవరిలో నాలుగున్నర దాటాక. ఇప్పుడు అంకె చూడు. అంకె, నీడ, అజాన్. మూడూ కలిసి అబద్ధమాడతాయా?"

అభిలాష్ కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. చొక్కా మడత నలిగింది.

16:40:31. టీవీలో ఒక పడుచు గొంతు. "సార్, వైరు తడిసింది! నేను దిగేదాకా వెయ్యొద్దు! వెయ్యొద్దు సార్!"

"బాబా," అంది యాస్మిన్ నెమ్మదిగా.

దానిమీదే ఇంకో గొంతు. లావు గొంతు. గంట కింద టీ తాగమ్మా అన్న గొంతు. "దిగుతాడులేవయ్యా. ఎండ పోతోంది. ఏం చూస్తావు, జనరేటరు నీదేగా, వెయ్యి!"

బొమ్మ ముక్కలు ముక్కలైంది. అక్కడే ఆగిపోయింది. గిర్రుమని డిస్కు తిరుగుతున్న చప్పుడు.

"గీత పడింది," అన్నాడు అభిలాష్.

యాస్మిన్ డిస్కు తీసి, నోటి ఆవిరి పట్టించి, చున్నీ అంచుతో తుడిచింది. గుండ్రంగా కాదు, మధ్య నుంచి అంచుకి. ఈ షాపులోనే, తను చిన్నపిల్లగా ఉన్నప్పుడు, హుమాయునే నేర్పాడు అలా తుడవడం. మళ్లీ పెట్టింది. దాటింది. 16:40:50.

"ఇంకా వైరు పట్టుకునే ఉన్నాడు సార్," అంటున్నాడు ఎవరో. ముసలి గొంతు కాదు. కానీ ఆ గొంతు యాస్మిన్‌కి తెలుసు. నిన్న సాయంత్రం ఆరింటికి ఫోన్లో విన్నదే, పదమూడేళ్లు చిన్నది.

"హుమాయున్! వేస్తావా, నన్నే వెయ్యమంటావా?"

టక్కుమని చప్పుడు. దీపాలన్నీ ఒక్కసారి భగ్గుమన్నాయి. అరుపు వచ్చింది. సగంలో తెగిపోయింది. మేక బెదిరింది. మామయ్య జారిపడ్డాడు. యూనిట్ అంతా గొల్లున నవ్వింది. ఆ అరుపు కూడా హాస్యమే అనుకున్నారు. జోజప్ప ఒక్కడే నవ్వడం ఆపి, తాడు వదలకుండా, పక్కకి తల తిప్పి చూశాడు. యాస్మిన్ బొమ్మని అక్కడే ఆపింది.

16:41:09.

ఆ జారిపడడమే సినిమాలో ఉంచారు. ఆ జారిపడడానికే జనం పదమూడేళ్లుగా నవ్వుతున్నారు. ఒక మనిషి కాలిపోతున్న వెలుగులో తీసిన నవ్వు అది. తర్వాత శవాన్ని మోటారు షెడ్డులోకి మోసుకెళ్లారు. మేక కాసే జోజప్ప చేతిని స్విచ్ మీద పెట్టారు.

"చాచానా?" అంది గ్లోరి. "మా నాన్న జైలుకెళ్లాక నెలనెలా మా ఇంటికి బియ్యం మోసిన మనిషి... ఆయనా వేసింది?"

నిన్న హుమాయున్ ఫోన్లో అన్నది యాస్మిన్‌కి గుర్తొచ్చింది. 'నేను కూడా ఒక మాట చెప్పాలి.' ఆ మాట ఇదే. సోమవారం కోర్టులో చెప్పగలిగిన మనిషి భూమ్మీద ఆయనొక్కడే. ఆయన చెప్పులు గుమ్మంలో ఉన్నాయి. కళ్లజోడు ఇక్కడుంది.

"టైమెంత?"

"పదకొండూ ముప్పై మూడు," అన్నాడు అభిలాష్.

"మీ క్లయింటు పొద్దున ఎక్కడికెళ్లాడు?"

అతను ఒక్క క్షణం తటపటాయించాడు. తర్వాత నోటు పుస్తకం తెరిచాడు. "ఏడూ పదికి ఒక్కరే కారులో వెళ్లారు. తొమ్మిదీ ముప్పై అయిదుకి వచ్చారు. తోటకి వెళ్లొచ్చానన్నారు. తొమ్మిదీ నలభైకి ఎవరికో ఫోన్ చేసి, మా తోట లైనుకి ఇవాళ త్రీఫేజు ఎన్నింటికిస్తారని అడిగారు. పన్నెండింటికని చెప్పారట." పేజీ తిప్పాడు. చదువుతుంటే అతని గొంతే మారిపోయింది. "తర్వాత నాతో అన్నారు, 'పన్నెండున్నర దాకా నా పక్కనే ఉండు. నేనెక్కడున్నానో నిమిషం నిమిషం రాయి' అని. మీరొచ్చి ఏదో నేరం అంటగడతారని అనుకున్నా. డిస్కు పోతుందని నేనే మాట దాటి వచ్చా."

చక్రాలకి తడి మట్టి. వాన లేదు. పన్నెండు దాటాక భోంచేసి వెళ్దురు గాని. గడియారం వంక మూడు చూపులు.

ఈ ఏరియాలో మోటార్లకి త్రీఫేజు కరెంటు రోజంతా ఉండదు. విడతల్లో వస్తుంది. వచ్చినప్పుడు ఎవడు పరిగెత్తుకెళ్లి వేస్తాడని, ప్రతి రైతూ స్టార్టరు ఆటోలో పెట్టుకుంటాడు. కరెంటు రాగానే మోటారు దానంతట అదే తిరుగుతుంది. ఏ చెయ్యీ అక్కర్లేదు.

"చాచాని తోటలో మోటారు షెడ్డులో పెట్టి తాళమేశాడు," అంది యాస్మిన్. "కింద నీళ్లు. ఎక్కడో ఒక వైరు విప్పి ఉంటుంది. చాచాకి కళ్లజోడు లేదు, కనపడదు. పన్నెండింటికి కరెంటొస్తుంది. ఆ టైముకి రావు ఎక్కడుంటాడు? వసారాలో. ఎవరి ముందు? నా ముందు! తనని హంతకుడన్నదాన్ని మించిన సాక్షి ఎక్కడ దొరుకుతుంది? ఇంటికొచ్చిన నాకు టీ ఇచ్చింది అందుకు! అందుకే కోపం రాలేదు ఆ వెధవకి!"

అభిలాష్ అప్పటికే స్టేషనుకి ఫోన్ చేస్తున్నాడు. స్పీకరులో ఆవులింత వినిపించింది. "కనపడక ఎంతసేపయిందండీ? నాలుగు గంటలేనా? పెద్దమనిషి మీద ఊరికే ఎలా రాస్తామండీ? సోమవారం రండి, సారు ఉంటారు."

సోమవారం. అందరికీ సోమవారమే.

"నా కారుంది, పోదాం," అన్నాడు అభిలాష్.

"ముప్పై కిలోమీటర్లు. తర్వాత కంచె, తాళం, ఆయన మనుషులు. పన్నెండులోపు చేరం." యాస్మిన్ గ్లోరి భుజాలు పట్టుకుంది. "ఆ లైను సబ్‌స్టేషన్‌లో నీకెవరైనా తెలుసా? ఆలోచించు. ఎవరైనా సరే."

గ్లోరి కళ్లు తెరలోనే ఉన్నాయి. తన తండ్రి బతుకులో పదమూడేళ్లు మింగిన మనిషి చావబోతున్నాడు. అతను చస్తే తండ్రీ చస్తాడు. ఆ రెండూ ఆ పిల్ల మొహంలో ఒకదాన్నొకటి తోసుకున్నాయి. కాపాడమని అనడానికి యాస్మిన్‌కి హక్కు లేదు.

"పూజితక్క," అంది గ్లోరి చివరికి. "నా దగ్గరే జాకెట్లు కుట్టించుకుంటుంది. వాళ్లాయన అక్కడే డ్యూటీ."

నంబరు కలిపింది. పూజిత ఎత్తలేదు. రెండోసారీ ఎత్తలేదు. మూడోసారి ఎత్తింది. భర్త నంబరు ఇచ్చింది. పదకొండూ నలభై ఆరు. అతను ఎత్తేసరికి పదకొండూ నలభై తొమ్మిది.

"అమ్మా, ఎవరో చెబితే ఫీడరు ఆపడానికి నాకు అధికారం లేదు," అంటున్నాడతను. "వందల మోటార్లున్నాయి ఆ లైను మీద. రైతులు నన్ను కొడతారు. పై నుంచి ఆర్డరు కావాలి. కాగితం తెండి."

తెర మీద బొమ్మ ఇంకా అక్కడే నిలిచి ఉంది. 16:41:09. జోజప్ప తల తిప్పి చూస్తున్నాడు.

యాస్మిన్ ఫోన్ లాక్కుంది.

"ఆర్డరు నేనిస్తున్నా, రాసుకో. పేరు యాస్మిన్, తిరువూరు. కేసు పెడితే నా మీద పెట్టుకో. రైతులు కొట్టడానికొస్తే ఇక్కడికి పంపు. పదమూడేళ్ల కింద ఒకడు తడిసిన వైరు పట్టుకుని వెయ్యొద్దు సార్ అని అరిచాడు. విన్నవాడికి అధికారం లేదు. వాడు పైవాడి మాటే విన్నాడు. వేశాడు. ఒకడు చచ్చాడు, ఒకడు జైలుకెళ్లాడు, వేసినవాడు ఇప్పుడు అదే షెడ్డులో నీళ్లలో నిలబడి ఉన్నాడు. ఈసారి ఆ చెయ్యి నీది. కాగితం తర్వాత చూసుకుందాం. ఆ స్విచ్ మీద నుంచి చెయ్యి తియ్. పన్నెండింటికి లైను వెయ్యొద్దు. వింటున్నావా? వెయ్యొద్దు!"